కాంట్రాస్ట్ కన్ను

వరంగల్, బట్టల బజార్
8 ఫిబ్రవరి 2025, శనివారం

ఒక కన్ను కొత్తది, ఒక కన్ను పాతది గల మీ బాపు చంద్రమౌళి, చిరంజీవి యమునకు వెయ్యిన్నొక్క దీవెనలతో రాయునది ఏమనగా–

బిడ్డా, సంగతులు తర్వాత, ముందు ఈ అక్షరాలు చూడు. గీతల మీదే నడుస్తున్నాయా లేదా? మూడేండ్లుగా నేను రాసిన చీటీలలో అక్షరాలు తాగినవాళ్లలాగా రోడ్డు దిగి పోయేవి. దగ్గరివి ఇంకా కొంచెం అలుక్కుపోయినట్టే ఉన్నాయి గనక, అట్టను మోకాళ్ల మీద దూరంగా పెట్టుకొని స్కెచ్ పెన్నుతో పెద్దగా రాస్తున్నాను. పేజీకి పది లైన్లే పడుతున్నాయి. కవరు లావుగా ఉందని భయపడకు, లోపల ఉన్నది సంతోషమే.

ఫోన్ ఎందుకు చేయలేదంటావేమో. ఫోన్ మీ అమ్మ కౌంటర్లో ఉంటుంది. ఆమె స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది. నేను ఒక మాట అంటే ఆమె నాలుగు కలుపుతుంది. నా సంతోషం మొత్తం నేనే చెప్పుకోవాలంటే ఉత్తరం తప్ప దారి లేదు.

సోమవారం నువ్వు పనిచేసే కరీంనగర్ దవాఖానలో మీ డాక్టరమ్మ నా ఎడమ కన్ను బాగుచేసింది కదా, ఆ తల్లి చేతులకు బంగారు గాజులు తొడిగినా తక్కువే. మరునాడు పట్టీ తీయగానే గోడ మీద బల్లి కనిపించింది. బల్లిని చూసి ఏడ్చిన మనిషిని ఆమె ఇంతకుముందు చూడలేదట.

ఇక మన బజారు సంగతి చెబుతాను. ఎదురుగా శ్యాంసుందర్ బట్టల దుకాణం మెట్ల మీద నిలబడే పెద్దమనిషికి మూడేండ్లుగా రోజూ పొద్దున నమస్తే పెడుతున్నాను. ఆయన ఒక్కనాడూ తిరిగి పెట్టలేదు. ఎంత గర్వమో అని, నిరుడు దసరాకు ఆయనకు జమ్మి కూడా ఇవ్వలేదు. మొన్న చూస్తే అది బొమ్మ! షేర్వాణీ తొడిగిన బొమ్మ! నేను సిగ్గుపడి లోపలికి వచ్చాను.

ఇంకో వింత. కుడి కన్నుతో చూస్తే నా తెల్ల అంగీ చాయ్‌లో ముంచి ఆరేసినట్టుంది. ఎడమ కన్నుతో చూస్తే అప్పుడే సున్నం వేసినట్టుంది. అంగీ ఒక్కటే. నీలం కూడా అంతే, కుడి కంటికి నల్లగా, ఎడమ కంటికి నీలంగా. యాభై ఏండ్లు మ్యాచింగ్ సెంటర్ నడిపినవాడికి ఇంతకన్నా తమాషా ఏముంటుంది? దినమంతా ఒక కన్ను మూసి ఒకటి తెరిచి, అది మూసి ఇది తెరిచి చూస్తున్నాను. జాకెట్ ముక్క కోసం నిర్మల టీచర్ వచ్చి ఎదురుగా నిలబడ్డది నేను గమనించలేదు. మీ అమ్మ గమనించింది.

"డెబ్బై దాటినంక కన్నుకొడ్తాండ్రేంది ఆడోళ్లకు? దవాఖానల కన్ను మార్చిండ్రా, బుద్ధి మార్చిండ్రా?" అన్నది, బజారంతా వినేటట్టు.

చుక్కల మందు టైం ప్రకారం పడుతోంది. మీ అమ్మ ఫోన్‌లో ఆరు అలారాలు పెట్టింది. అలారం మోగితే చీర చూసే కస్టమర్ కూడా తల పైకెత్తుతోంది.

దండాలతో కాదు, దీవెనలతో ముగిస్తున్నాను,
మీ బాపు

తా.క.: నా కంట్లో నుంచి తీసిన మోతిబిందు పొర ఉంది కదా, పాల మీద మీగడలాంటిది, దాన్ని దవాఖానలో దాచారా? చూడాలని ఉంది.

మళ్లీ తా.క.: ఎనుమాముల మిర్చి యార్డుకు పోవద్దన్నావు, పోలేదు. గేటు దాకానే పోయాను. మిర్చి కుప్పల ఎరుపు చూడాలనిపించింది. ఏం ఎరుపు బిడ్డా! ఒక్క తుమ్మే వచ్చింది.


కరీంనగర్
13 ఫిబ్రవరి 2025

సంతోషం పట్టలేక మిర్చి యార్డు గేటు దాకా పోయిన బాపుకు, కోపంతో ఊగిపోతున్న యమున దండం పెట్టి రాస్తున్నది.

బాపూ, నీ ఉత్తరం మా వార్డులో అందరికీ చదివి వినిపించాను. బల్లి దగ్గర డాక్టరమ్మ నవ్వింది. ఎనుమాముల దగ్గర నవ్వు ఆపి, "మీ నాన్నగారికి కన్ను కొత్తది, బుద్ధి పాతదే" అన్నది. అమ్మ, డాక్టరమ్మ ఇద్దరూ ఒకే మాట అన్నారు, చూశావా?

ఒక్క తుమ్మేనా? ఆపరేషనైన వారానికి మిర్చి ఘాటుకు కండ్లు మండితే చెయ్యి ఎక్కడికి పోతుంది? కంటికే కదా. నెల దాటేదాకా యార్డు వైపు బస్సు కూడా ఎక్కకు. కన్ను నలపొద్దు. రెండు వారాలు తలస్నానం వద్దు, కంట్లో నీళ్లు పడొద్దు. పడుకునేటప్పుడు ప్లాస్టిక్ మూత పెట్టుకో, ఎడమ పక్కకు ఒరగకు. తల కిందికి వంచకు, బట్ట తాన్లు ఎత్తకు. నొప్పి లేచినా, ఎర్రబడ్డా, చూపు మళ్లీ మసకబారినా ఉత్తరం రాస్తూ కూర్చోకు, వెంటనే బయలుదేరు.

నీ మీగడ సంగతి. బాపూ, శుక్లం అంటే కంటి మీద పేరుకున్న పొర కాదు. మనందరికీ కంటి లోపల పుట్టుకతో ఒక అద్దం ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ అదే పసుపెక్కి మసకబారుతుంది. డాక్టరమ్మ చిన్న గాటు పెట్టి, ఆ అద్దాన్ని లోపలే పొడి చేసి పీల్చేసి, దాని జాగాలో కొత్తది పెట్టింది. దాచడానికి ఏమీ మిగలదు. నీ కుడి కంట్లో ఆ పసుపు అద్దం ఇంకా ఉంది, అందుకే అంగీ చాయ్ రంగులో కనిపిస్తోంది. మార్చి 10న కుడిది కూడా చేస్తే రెండు కండ్లు ఒక్క మాట మీద ఉంటాయి. దగ్గరివి చదవడానికి అద్దాలు ఆ తర్వాత రాసిస్తారు.

అమ్మ ఎట్లున్నది? నీ ఉత్తరంలో ఆమె తిట్టిందే ఉంది గానీ తిన్నదో లేదో లేదు.

ప్రేమతో, భయంతో,
యమున

తా.క.: నిర్మల టీచర్‌కు నా తరఫున క్షమాపణ చెప్పు. రెండు కండ్లూ తెరిచి చెప్పు.


వరంగల్
24 ఫిబ్రవరి 2025

చిరంజీవి యమునకు మీ బాపు, ఆనందంతో ఒకసారి, బాధతో ఒకసారి, మళ్లీ ఆనందంతో ఒకసారి దీవించి రాయునది.

బిడ్డా, మార్చి 10 ఆపరేషన్ రద్దు చేయించు. డాక్టరమ్మ కోపం చేసుకోకుండా నువ్వే నచ్చజెప్పు. కారణం వింటే నువ్వు కూడా సరేనంటావు.

క్షమాపణ చెబుదామని నిర్మల టీచర్‌ను పిలిచాను కదా. ఆమె చిలకపచ్చ చీర కట్టుకొని వచ్చింది. ఆ చీర నాకు బాగా గుర్తు. దసరా ముందర నేనే దానికి చిలకపచ్చ జాకెట్ ముక్క తీసిచ్చాను. చూద్దును గదా, ఆమె ఒంటి మీద జాకెట్టు రాణి రంగు! యాభై ఏండ్ల పేరు మట్టిలో కలిసిందనుకున్నాను.

"టీచరమ్మా, ఈ ముక్క యాడ కొన్నవు?" అని అడిగాను.

ఆమె మీ అమ్మ వైపు చూసింది, నా వైపు చూసింది. "మీ దగ్గర్నే గదా అంకుల్! మా స్కూల్ల అందరు ఎగబడి అడిగిండ్రు. గిసొంటి కాంట్రాస్ట్ హైదరాబాద్‌ల గూడ దొరకదన్నరు."

కాంట్రాస్ట్! అప్పుడు తెలిసింది బిడ్డా. మూడేండ్లుగా మన దుకాణం ముందర పెండ్లి సీజన్లో చెప్పులు పట్టనంత జనం ఎందుకు నిలబడుతున్నారో తెలిసింది. నేను చిలకపచ్చ అనుకొని రాణి తీశాను. గంధం అనుకొని ఇంకేదో తీశాను. ఇదంతా నా చేతి గొప్ప కాదు, మోతిబిందు గొప్ప. ఆ పసుపు అద్దం మన దుకాణానికి దేవుడిచ్చిన కానుక!

నమ్మకపోతే ఇంకా విను. ఆపరేషన్ తర్వాత వారం పది రోజులు నేను కొత్త కన్నుతో ముక్కలు తీశాను. చీర ఏ రంగో జాకెట్టు అదే రంగు, దారం కూడా తేడా లేదు. ఒక్కరి ముఖంలో నవ్వు లేదు. ఒక పిల్ల, "అంకుల్, గిది మా అమ్మమ్మ జాకెట్ లెక్కున్నది" అని ముఖం మీదనే పడేసింది. ఇద్దరు శ్యాంసుందర్ దుకాణం మెట్లెక్కారు. నేను కూర్చున్న చోటే కుదేలైపోయాను. కన్ను వచ్చింది, దుకాణం పోయింది అనుకున్నాను.

అయితే మీ బాపు తెలివి తక్కువవాడు కాదు. పోయిన సోమవారం నుంచి కొత్త కన్నుకు రుమాలు కట్టి, ఒక్క పాత కన్నుతోనే ముక్కలు తీస్తున్నాను. ఏం చెప్పమంటావు! ఆ రోజే కాంట్రాస్టులు తిరిగి వచ్చాయి! ఒకామె కనకాంబరం చీరకు నెమలికంఠం ముక్క పడిందట, అది చూసి తెల్లవారి ఆమె చెల్లె కూడా వచ్చింది. నేను తీసేటప్పుడు అది నాకు కనకాంబరమే అనిపించింది, అదే విచిత్రం. మీ అమ్మ మాత్రం రుమాలు చూసి తల కొట్టుకుంటున్నది. "సర్కస్ పెట్టుండ్రి ఇగ, టికెట్ల నేను కోస్త" అంటున్నది. ఆమెకు వ్యాపారం తెలియదు.

కాబట్టి బిడ్డా, కుడి కన్నును ముట్టుకోవద్దు. ఎడమ కన్ను నాకు, కుడి కన్ను దుకాణానికి. కుడి పక్క నుంచి వచ్చే ఆటోలు కనిపించవు, నిజమే. మొన్న చౌరస్తాలో ఒకటి రాసుకొని పోయింది, కొంచెం మోచేయి గీరుకుంది. రెండు కండ్లతో నీ ముఖం పూర్తిగా చూడాలని నాకూ ఉంది. కానీ యాభై ఏండ్ల పేరు కదా.

దుకాణం కోసం సగం చూపు దానం చేసిన,
మీ బాపు

తా.క.: డాక్టరమ్మను ఒక మాట అడుగు. నా ఎడమ కంట్లో కూడా ఆ పసుపు అద్దం తిరిగి పెట్టడం కుదురుతుందా? పాతదే కావాలని లేదు. ఎవరిదైనా సరే.


కరీంనగర్
28 ఫిబ్రవరి 2025

బాపుకు, యమున రాస్తున్నది. దండాలు ఈసారి ఉత్తరం చివర పెడతాను, ముందు కోపం తీరాలి.

రుమాలా? ఆపరేషనైన రెండు వారాలకే కన్నుకు దుకాణం రుమాలు కడతావా? దాంతో చెమట తుడుస్తావు, చాయ్ గ్లాసు పట్టుకుంటావు, బల్ల మీద దుమ్ము దులుపుతావు. కంట్లో పుండు పడితే కొత్త అద్దమూ పోతుంది, చూపూ పోతుంది. ఈ లైను చదువుతూనే విప్పు. విప్పావా? సరే, కింద చదువు.

ఇంకొకరి అద్దం తెచ్చి పెట్టరు బాపూ. నీకు పెట్టింది ఫ్యాక్టరీలో తయారైంది, నువ్వున్నన్నాళ్లూ ఉంటుంది.

కుడి కన్ను దుకాణానికి రాసిస్తానంటావు. శుక్లం నువ్వు చెప్పినట్టు ఆగి కూర్చోదు. ముదిరి రాయిలాగా గట్టిపడుతుంది. అప్పుడు తీయడం కష్టం. ఒక్కోసారి కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. నరం పోతే ఏ డాక్టరమ్మా తిరిగి తేలేదు. ఆటో మోచేయి గీరిందని ఒక లైనులో రాసి వదిలేశావు. నేను ఆ లైను దగ్గరే అరగంట ఆగిపోయాను.

ఇక అసలు సంగతి. నీ ఉత్తరం డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. ఆమె అన్నది యథాతథంగా రాస్తున్నాను: "శుక్లం ఉంటే తెలుపు పసుపుగా కనిపిస్తుంది, నీలం నల్లబడుతుంది, అన్నీ మాసినట్టుంటాయి. అంతే. చిలకపచ్చను రాణి రంగు చేసే శుక్లం నా సర్వీసులో చూడలేదు. ఆ రాణి రంగు ముక్క మీ నాన్నగారి కన్ను తీయలేదు. ఎవరో తీశారు."

నాకు మతిపోయింది బాపూ. నువ్వు లోపలి బల్ల దగ్గర ముక్క తీస్తావు. అది తలుపు దగ్గరి కౌంటర్‌కు పోతుంది. అక్కడ సంచిలో పడుతుంది. ఇంతే కదా దారి? ఒక్క రోజు రెండు కండ్లూ తెరిచి కూర్చో. నువ్వు తీసిన ముక్క నీ చెయ్యి దాటినాక ఎటు పోతుందో చూడు. పది అడుగుల దూరం నీ ఎడమ కన్నుకు ఇప్పుడు లెక్క కాదు.

దండాలు,
యమున

తా.క.: ఆపరేషన్ తారీఖు నేను రద్దు చేయలేదు. చేయను.


వరంగల్
5 మార్చి 2025

చిరంజీవి యమునకు, మీ బాపు చంద్రమౌళి తల వంచి, కాదు కాదు, వంగొద్దన్నావు గనక తల ఎత్తే రాయునది.

రుమాలు విప్పాను. మీ అమ్మ దాన్ని పొయ్యిలో పెట్టింది.

బిడ్డా, నువ్వు చెప్పినట్టే చేశాను. నిన్న పొద్దున వర్ధన్నపేట నుంచి సోమక్క వచ్చింది, కోడలి సీమంతానికి కొన్న వంగపండు రంగు చీర పట్టుకొని. నేను ఎడమ కన్నుకు అరచెయ్యి దూరంగా అడ్డం పెట్టి (తాకలేదు, నీ మీద ఒట్టు), పాత కన్నుతో చీరకు సరిపోయే ముక్క తీసి ఇచ్చాను. సోమక్క దాన్ని పట్టుకొని కౌంటర్ దగ్గరకు నడిచింది. అప్పుడు చెయ్యి దించాను.

మీ అమ్మ చీర తీసుకొని తలుపు దగ్గరి వెలుతురులో అంచు విప్పింది. బొటనవేలితో జరీ రాసి చూసింది. నేనిచ్చిన ముక్కను చూడనైనా చూడకుండా కౌంటర్ కింద పడేసింది. వెనక అరలోకి చెయ్యి పోనిచ్చి, తల తిప్పకుండానే, మామిడి పిందె రంగు ముక్క లాగి చీర మీద పరిచింది. ఏమని చెప్పను? ఆ చీర అంతదాకా పడుకొని ఉన్నట్టూ, అప్పుడే లేచి కూర్చున్నట్టూ అయింది. సోమక్క చెయ్యి నోటి మీద పెట్టుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని నవ్వుకున్నారు. తర్వాత సోమక్క నా వైపు తిరిగి గట్టిగా, "సేటు చెయ్యి పడ్డదంటె తిరుగే లేదు!" అన్నది.

ముందు నాకు కోపం వచ్చింది. నా దుకాణంలో నా మీదే నాటకమా అనుకున్నాను. ఏమీ ఎరగనట్టు ముక్కలిస్తూనే ఇంకో ముగ్గురిని చూశాను. ముగ్గురికీ అదే. కౌంటర్ కింద బుట్ట చూస్తే పొద్దటి నుంచి నేను తీసిన ముక్కలన్నీ అందులోనే ఉన్నాయి. రోజూ సాయంత్రం నేను షట్టర్ దించే సందులో వాటిని మళ్లీ నా అరలో సర్దుతుందట. ఎంత అమ్మినా నా అర తరగదని, నా చేతిలో లక్ష్మి ఉందని నలుగురికీ చెప్పుకున్నవాణ్ణి బిడ్డా నేను!

కౌంటర్ దగ్గరకు పోయి నిలబడ్డాను. "ఎన్నేండ్ల సంది?" అని అడిగాను.

"మూడేండ్లు," అన్నది, సంచి మడుస్తూ. "మీరు పెండ్లికూతురి తెల్లచీరకు బిస్కిట్ రంగు ముక్క ఇచ్చిన కాడి నుంచి."

"మరి దవాఖాన నుంచి వచ్చినంక?"

"కన్ను మంచిగైంది గదా అని మానేసిన. మీరు రుమాలు గట్టిండ్రు, మళ్ల మొదలువెట్టిన."

"ఒక్క మాట నాకు చెప్తే ఏంబోతుండె?"

"చెప్తే మీరు దుకాణానికొస్తుంటిరా? ఇంట్ల కూసొని నా కూరకు వంకలు వెడ్తుంటిరి. గంతకంటె గిదే నయమనిపిచ్చింది." సంచి పక్కన పెట్టి, "మీ కన్నంటే బజార్ల ఒక పేరుండె. అది నా నోటితోని ఎట్ల తీసేద్దు?" అన్నది.

అందరికీ తెలుసట. నిర్మల టీచర్‌కు తెలుసు. చాయ్ తెచ్చే యాకయ్యకు తెలుసు. ఎదురు దుకాణం శ్యాంసుందర్, ఆమెను జీతానికి రమ్మని రెండుసార్లు అడిగాడట! ఒక్కరు కూడా నాతో అనలేదు. అనొద్దని ఆమె అందరికీ చెప్పింది.

యాభై ఏండ్లు రంగులు చూశాననుకున్నాను బిడ్డా. నలభై నాలుగేండ్లుగా మీ అమ్మ నా పక్కనే ఉంది. ఆమె పని చేస్తుంటే ఒక్క రోజు కూర్చొని చూసినవాణ్ణి కాను. అది మోతిబిందు తప్పు కాదు. మూడేండ్ల కింద కదా మోతిబిందు వచ్చింది.

ఆ మధ్యాహ్నమే యాకయ్యతో నా లోపలి బల్లను తలుపు దగ్గరికి జరిపించాను. వెలుతురులో ఉన్న ఆ పెద్ద బల్ల ఇప్పుడు మీ అమ్మది. చీర ముందు ఆమె చేతికే పోతుంది. నేను కౌంటర్లో కూర్చొని సంచులు మడుస్తున్నాను. సంచి మడత సరిగా రావడం లేదని నన్ను అందరి ముందర తిడుతోంది. నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. తిడుతుంటే ముఖం స్పష్టంగా కనిపిస్తోంది. తిట్టేటప్పుడు ముక్కుపుడక దగ్గర చిన్న సొట్ట పడుతుంది, నీకు తెలుసా?

10వ తారీఖు పొద్దున మొదటి బస్సుకు బయలుదేరి వస్తున్నాం. షుగర్ పరీక్ష కాగితాలు, పాత చీటీ, చుక్కల సీసా అన్నీ సంచిలో పెట్టాను. డాక్టరమ్మకు చెప్పు, కుడి కంట్లో ఉన్న ఆ పసుపు అద్దాన్ని ఇక మొహమాటం లేకుండా పొడి చేసేయమను. దానితో మా దుకాణానికి ఏ సంబంధమూ లేదు.

ఒంటికన్నుతో రాసే చివరి ఉత్తరంతో,
మీ బాపు

తా.క.: డాక్టరమ్మ చీర రంగు కనుక్కొని రాయి. జాకెట్ ముక్క తెస్తాం. నేను తీసింది కాదు, భయపడొద్దని చెప్పు.

మళ్లీ తా.క., ఇది నేను, మీ అమ్మ ప్రేమలత: బిడ్డా, కవరు అంటించమని నాకిచ్చి చాయ్‌కు పోయిండు, అందుకే రాస్తాన. రెండో కన్ను తప్పకుండ చేయించు. కాని నిన్నటి సంది ఆయన సంచులు మడుసుడు బంద్ వెట్టి నా దిక్కే చూసుకుంట కూసుంటాండు. వచ్చినోళ్లు నవ్వుతాండ్రు, నాకు సిగ్గయితాంది. ఒక్క కన్నుకే గింత చూపైతే, రెండు మంచిగైనంక నేను బల్ల కాడ పనెట్ల చెయ్యాలె? మధ్యల ఒక పరదా కట్టిచ్చుకుంట. ఆయన అప్పుడే బట్ట వెతుకుత అన్నడు. వద్దన్న. రంగు నేనే తీస్త.